ఇల్లు పూర్తయ్యేలోగా

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఇల్లు కట్టేటప్పుడు పడే ఖర్చును, తిప్పలను ఆ సామెత గుర్తు చేస్తుంది. కాని పాత ఇల్లు విడిచి కొత్త ఇల్లు లేచేదాకా ఆ కుటుంబం ఎక్కడ తలదాచుకుంటుంది, బిడ్డలు ఎక్కడ చదువుకుంటారు, ముసలి తల్లి ఎక్కడ నిద్రపోతుంది అన్న సంగతి ఎవరూ అంతగా మాట్లాడరు. ఆ మధ్యకాలం ఆరు నెలలు కావచ్చు, ఆరేళ్ళు కావచ్చు. దానిని ఎలా గడపాలన్నది ప్రతి కుటుంబానికి పెద్ద ప్రశ్నే.

అమెరికా దేశపు పల్లెటూళ్ళలో ఈ ప్రశ్నకు చాలా కుటుంబాలు ఒక వింత జవాబు కనుగొన్నాయి. వారు తాము కొన్న పొలంలోనే, చక్రాల మీద నిలిచే చిన్న గదిలో కాపురం పెడతారు. దానిని అక్కడ క్యాంపర్ అంటారు. పక్కనే పునాదులు తవ్వుతుండగా, గోడలు లేస్తుండగా, తల్లిదండ్రులు బిడ్డలతో సహా ఆ క్యాంపర్‌లోనే వంట, పంట, చదువు, నిద్ర అన్నీ సాగిస్తారు. ఈ కాపురంలో మనం నేర్చుకోదగినవి, జాగ్రత్తపడదగినవి చాలా ఉన్నాయి.

చక్రాల మీది గది

క్యాంపర్‌కు సొంత ఇంజను ఉండదు. పికప్ ట్రక్కు వంటి బలమైన బండి వెనుక తగిలించి లాక్కుపోతారు. సెలవు దినాలలో కొండలకు, చెరువుల దగ్గరకు విహారం వెళ్ళేవారి కోసం దీనిని తయారు చేశారు. వెడల్పు సుమారు 8 అడుగులు ఉంటుంది. 30 అడుగుల పొడవున్న క్యాంపర్ అయితే లోపలి చోటు మొత్తం 240 చదరపు అడుగులు మాత్రమే. అందులోనే ఒక మంచం, పిల్లలకు ఒకదానిపై ఒకటి అమర్చిన బల్లలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, మరుగుదొడ్డి, స్నానాల గది. భోజనం చేసే బల్లను రాత్రికి కిందికి దించి పరుపు వేస్తే అదే మంచం అవుతుంది.

అమెరికాలో ఇలాంటి బండ్లు పదింటిలో ఎనిమిదికి పైగా ఒక్క ఇండియానా రాష్ట్రంలోనే తయారవుతాయి. అందులోనూ ఎల్క్‌హార్ట్ జిల్లా పేరుగాంచింది. ఆ ఫ్యాక్టరీలలో పనిచేసేవారిలో ఆమిష్ ప్రజలు చాలామంది ఉన్నారు. మన మహబూబ్‌నగర్ ప్రాంతపు మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలవారికి మెన్నొనైట్ అన్న పేరు తెలిసినదే. ఆమిష్ వారు ఆ మెన్నొనైట్ల నుండి విడివడినవారే. సొంత ప్రయాణానికి నేటికీ గుర్రపు బగ్గీ వాడే ఆ ప్రజలే దేశమంతటికీ చక్రాల ఇళ్ళు కట్టి పంపుతున్నారు!

ఎందుకీ ఏర్పాటు?

నలుగురు బిడ్డలున్న ఒక మామూలు కుటుంబాన్ని ఊహించుకోండి. పట్నంలో ఉన్న ఇల్లు అమ్మి, ఆ సొమ్ముతో పల్లెలో కొంత పొలం కొన్నారు. అద్దె ఇంట్లో ఉంటే నెలనెలా అద్దె కట్టాలి. కొత్త ఇంటి కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ కూడా కట్టాలి. రెండూ మోయడం కష్టం. అందుకని పాత క్యాంపర్లు రెండు కొన్నారు. ఒకదానిలో తల్లిదండ్రులు, చిన్నబిడ్డలు. రెండవదానిలో పెద్ద కుర్రవాళ్ళిద్దరు. ఇల్లు పూర్తయ్యాక వాటిని తిరిగి అమ్ముకోవచ్చని వారి లెక్క. పైగా పొలంలోనే ఉంటే పని కళ్ళ ముందు జరుగుతుంది. సామాను దొంగలపాలు కాదు. సాయంత్రాలు తామే సుత్తి పట్టుకొని కొంత పని చేసుకోవచ్చు.

ఈ లెక్క బాగానే ఉంటుంది. కాని పల్లెలో ఇల్లంటే గోడలు, పైకప్పు మాత్రమే కావు. మొదట బోరు వేయాలి. మునిసిపాలిటీ మురుగు కాలువ ఉండదు కనుక సెప్టిక్ ట్యాంకు కట్టాలి. అందుకు ముందు నేలలో గుంటలు తవ్వి, నీరు పోసి, ఆ నేల ఎంత వేగంగా పీల్చుకుంటుందో చూస్తారు. నేల పీల్చకపోతే మామూలు పద్ధతికి అనుమతి రాదు. రోడ్డు నుండి కరెంటు స్తంభాలు వేయించుకోవాలి. బ్యాంకువారు అప్పు మొత్తం ఒక్కసారి చేతిలో పెట్టరు. పునాది అయ్యాక కొంత, గోడలు లేచాక కొంత, పని చూసి విడుదల చేస్తారు. ఒక దశ ఆగితే తరువాతి సొమ్ము కూడా ఆగిపోతుంది.

మరొక చిక్కు కూడా ఉంది. తన సొంత భూమిలోనైనా క్యాంపర్‌లో శాశ్వతంగా నివసించడానికి అక్కడి చాలా జిల్లాలు ఒప్పుకోవు. ఇంటి అనుమతి ఉండి, పని నడుస్తున్నంతకాలం మాత్రం కొన్నిచోట్ల తాత్కాలిక అనుమతి ఇస్తారు. గడువు దాటితే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి.

అనుకోని ఆలస్యాలు వేరే. కోవిడ్ రోజులలో, 2021 మే నెలలో, అమెరికాలో కలప ధర అంతకుముందున్న దానికి మూడు రెట్లకు మించిపోయింది. అక్కడి ఇళ్ళు ఎక్కువగా కలపతోనే కడతారు. వేసుకున్న లెక్కలన్నీ తారుమారై ఎన్నో కుటుంబాలు పని ఆపుకొని ఎదురుచూడవలసి వచ్చింది.

ఒక దినచర్య

ఇరుకు ఇంట్లో నీటి విలువ తెలుస్తుంది. క్యాంపర్‌లో మంచినీటి ట్యాంకు సుమారు 150 లీటర్లు పడుతుంది. వేడినీళ్ళ ట్యాంకు చాలా వాటిలో 23 లీటర్లే. ఆరుగురు స్నానం చేయాలంటే ఒకరు ఒళ్ళు తడుపుకొని కుళాయి కట్టేయాలి, సబ్బు రుద్దుకున్నాక మళ్ళీ తిప్పాలి. చివరివానికి చన్నీళ్ళే. వాడిన నీరు ఒక ట్యాంకులో, మరుగుదొడ్డి నీరు వేరొక ట్యాంకులో చేరుతుంది. కొద్దిరోజులకొకసారి వాటిని ఖాళీ చేయడం ఇంటిలో ఎవరో ఒకరి బాధ్యత. ఆ పని ఎవరికీ ఇష్టముండదు. వంతులు వేసుకున్న కుటుంబంలో తగవులు తక్కువ.

కరెంటూ అంతే. చాలా క్యాంపర్లకు 30 ఆంపియర్ల కనెక్షను ఉంటుంది. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ పొయ్యి పెట్టి, మరొకరు జుట్టు ఆరబెట్టుకునే యంత్రం వేస్తే ఫ్యూజు ఎగిరినట్టే. "నేను అన్నం వేడిచేస్తున్నాను, ఎవరూ ఏమీ వేయకండి" అని తల్లి కేక వేయడం ఆ ఇళ్ళలో రోజూ వినిపించేదే.

చలికాలం అసలైన పరీక్ష. రాత్రి నీరు గడ్డకట్టే చలిలో బయటి గొట్టం బిగుసుకుపోతుంది. దానికి వేడినిచ్చే కరెంటు టేపు చుడతారు. బండి కింద గాలి దూరకుండా చుట్టూ థర్మోకోల్ వంటి దళసరి పలకలు నిలబెడతారు. లోపల ఆరుగురి ఊపిరి, వంట ఆవిరి కలిసి కిటికీలపై నీరై కారుతుంది. తుడవకపోతే పరుపుల కింద బూజు పడుతుంది. ప్రతి ఉదయం గోడలు తుడవడం, పరుపులు ఎత్తి నిలబెట్టడం గృహిణికి నిత్యకృత్యం.

అన్నిటికన్న కష్టమైనది ఏకాంతం లేకపోవడం. భార్యాభర్తలు ఒక మాట నెమ్మదిగా అనుకోవాలన్నా చోటుండదు. వయసుకు వస్తున్న ఆడపిల్ల బట్టలు మార్చుకోవడానికి తమ్ముళ్ళను బయటికి పంపాలి. వర్షం వచ్చి రెండు రోజులు అందరూ లోపలే ఉంటే, చెంచా కింద పడినా కోపం వస్తుంది. ఇలాంటి చోట ఒక చిన్న నియమం గొప్ప మేలు చేస్తుంది. రోజూ ఒక గంట ఎవరితో ఎవరూ మాట్లాడని సమయం పెట్టుకోవచ్చు. లేదా భోజనానంతరం భార్యాభర్తలిద్దరూ పునాదుల చుట్టూ నడిచి వచ్చే అలవాటు చేసుకోవచ్చు.

మేలు లేదని కాదు. బిడ్డలు బయట ఎక్కువ గడుపుతారు. ఇటుక ఎలా పేర్చుతారో, వైరు ఎలా లాగుతారో కళ్ళారా చూస్తారు. ఒక్కొక్కరికి రెండు జతల బట్టలు, నాలుగు పుస్తకాలు చాలునని తెలుసుకుంటారు.

తాత్కాలికమని తేలికగా తీసుకోరాదు

క్యాంపర్లు విహారానికి తయారైనవి. సంవత్సరాల తరబడి కాపురానికి కావు. ఈ సంగతి అమెరికా దేశమంతా బాధతో నేర్చుకున్న సందర్భం ఒకటుంది. 2005 ఆగస్టు 29న కత్రీనా తుపాను లూసియానా, మిసిసిపీ తీరాలను ధ్వంసం చేసింది. ఇళ్ళు పోగొట్టుకున్నవారికి ప్రభుత్వం లక్షకు పైగా ఇలాంటి బండి ఇళ్ళు ఇచ్చింది. కొద్దికాలానికే చాలామందికి కళ్ళు మండటం, ఊపిరి ఆడకపోవడం మొదలైంది. లోపలి గోడలకు, అరలకు వాడిన అతుకు చెక్కల జిగురు నుండి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వెలువడుతున్నది. ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 519 ఇళ్ళలో గాలిని పరీక్షించి, మామూలు ఇళ్ళకన్న ఆ వాయువు ఎక్కువగా ఉన్నదని 2008లో ప్రకటించింది. ఆ కుటుంబాలను త్వరగా వేరే ఇళ్ళకు మార్చాలని సలహా ఇచ్చింది. అతుకు చెక్కల నుండి ఎంత వాయువు రావచ్చో నిర్ణయిస్తూ 2010లో చట్టం కూడా చేశారు. కొద్దిరోజుల కోసమని ఇచ్చిన చోట కొందరు ఏళ్ళ తరబడి ఉండిపోవలసి రావడమే ఆ కష్టాన్ని పెంచింది.

నిప్పు, పొగ మరొక ప్రమాదం. చలికి తాళలేక గ్యాసు పొయ్యి వెలిగించి, కిటికీలు మూసి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకే క్యాంపర్‌లో ఆ వాయువును, పొగను పసిగట్టి మోగే పరికరాలు తప్పక ఉండాలి. పెనుగాలి వచ్చే సూచన ఉంటే బండిలో ఉండకూడదు. గట్టి కట్టడం ఎక్కడున్నదో ముందే చూసుకొని, బిడ్డలకు దారి చూపి ఉంచాలి.

ఓజార్క్ కొండలలో ఒక కుటుంబం

క్యాంపర్లు రాకముందు కూడా ఇలాంటి ఎదురుచూపులు ఉన్నాయి. బాలల పుస్తకాలు రాసి లోకమంతా పేరు పొందిన లారా ఇంగల్స్ వైల్డర్ కుటుంబం అందుకు సాక్ష్యం. ఆమె 1867లో జన్మించింది. 1885లో అల్మాంజో వైల్డర్‌ను వివాహం చేసుకొని దక్షిణ డకోటాలో వ్యవసాయం మొదలుపెట్టింది. 1888లో భార్యాభర్తలిద్దరికీ డిఫ్తీరియా సోకింది. దాని వెంట వచ్చిన పక్షవాతంతో అల్మాంజో కాళ్ళు జీవితాంతం బలహీనంగానే ఉండిపోయాయి. 1889లో మగబిడ్డ పుట్టి నెల తిరగకముందే చనిపోయాడు. అదే ఆగస్టులో ఇల్లు కాలిపోయింది. ఆపైన కరవు.

1894 జూలై 17న ఆ దంపతులు ఏడేళ్ళ కూతురు రోజ్‌ను తీసుకొని, కప్పువేసిన గుర్రపు బండిలో మిస్సోరీ రాష్ట్రానికి బయలుదేరారు. సుమారు 1,050 కిలోమీటర్ల దారి. ఆరు వారాలకు పైగా ఆ బండే వారి ఇల్లు. దారి పక్కన వంట, నక్షత్రాల కింద నిద్ర. పొలం కొనడానికి కూడబెట్టిన నూరు డాలర్ల నోటును లారా తన చెక్క రాతపెట్టెలో దాచింది. తీరా మాన్స్‌ఫీల్డ్ పట్నం చేరి, పొలం నచ్చి, డబ్బు కోసం చూస్తే నోటు కనబడలేదు. కొన్ని రోజుల తరువాత అది ఆ పెట్టె సందులోకి జారి ఉండగా దొరికింది. ఆ రోజులలో ఆ కుటుంబం అనుభవించిన ఆందోళన, అప్పుసొప్పులతో పొలం కొన్నవారెవరికైనా అర్థమవుతుంది.

వారు కొన్న 40 ఎకరాలలో ఉన్నది కిటికీ కూడా లేని ఒంటిగది దుంగల ఇల్లు. నాటకుండా ఉంచిన వందల ఆపిల్ మొక్కలు కూడా ఆ పొలంతోపాటు వచ్చాయి. అవి కాపుకు రావడానికి ఏళ్ళు పడతాయి. అంతదాకా భార్యాభర్తలు కలిసి చెట్లు కోసి, కట్టెలు పట్నంలో అమ్మారు. కొత్త ఇంటిని చేతిలో డబ్బు ఉన్నప్పుడల్లా ఒక్కొక్క గదిగా కట్టుకుంటూ వచ్చారు. మధ్యలో కొన్నేళ్ళు పట్నంలో అద్దెకు కూడా ఉన్నారు. అక్కడ అల్మాంజో బండి తోలాడు, లారా రైలు ఉద్యోగులకు భోజనం వండిపెట్టింది. చివరకు 1913లో పది గదుల ఇల్లు పూర్తయింది. పొట్టిదైన భార్యకు అందేలా వంటగట్టు ఎత్తు తగ్గించి కట్టాడు అల్మాంజో. ఆమె 1957లో 90 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

ఇది చక్కని కథే. కాని ఒక్క లెక్క వేయండి. పొలానికి వచ్చిన 1894 నుండి ఇల్లు పూర్తయిన 1913 వరకు 19 సంవత్సరాలు. వచ్చినప్పుడు ఏడేళ్ళ రోజ్, ఇల్లు పూర్తయ్యేనాటికి 26 ఏళ్ళ వివాహిత. యౌవనంలోనే చదువు కోసం, తరువాత ఉద్యోగం కోసం ఊరు విడిచింది. 1909లో వివాహం చేసుకొని కాలిఫోర్నియాలో కాపురం ఉంటున్నది. ఏ బిడ్డను బండిలో కూర్చోబెట్టుకొని వచ్చారో, ఆ బిడ్డ బాల్యమంతా ఇల్లు పూర్తికాకముందే గడిచిపోయింది. ఆ తల్లిదండ్రుల తప్పేమీ లేదు. వారు శక్తికి మించి కష్టపడ్డారు. అయినా ఇల్లు నెమ్మదిగా లేస్తుంది, బిడ్డలు వేగంగా ఎదుగుతారు. ఇల్లు కట్టే ప్రతి తల్లీ తండ్రీ దీనిని మనసులో పెట్టుకోవాలి.

మన పల్లెలలో

ప్రియ చదువరులారా, మన ఊళ్ళలో క్యాంపర్లు లేవు. కాని పాత పెంకుటిల్లు పడగొట్టి, స్థలం మూలన రేకుల షెడ్డో తాటాకు పాకో వేసుకొని, స్లాబు పడేదాకా అందులో గడిపే కుటుంబాలు ప్రతి వీధిలో ఉన్నాయి. ప్రభుత్వ పథకాల సొమ్ము మనకూ పునాది, గోడలు, స్లాబు అంటూ దశలవారీగానే వస్తుంది. మధ్యలో ఒక పంట పోయినా, ఇంట్లో ఒకరు ఆసుపత్రి పాలైనా పని ఆగిపోతుంది. స్తంభాల నుండి ఇనుప ఊచలు పైకి చూస్తూ ఏళ్ళ తరబడి నిలిచిపోయిన ఇళ్ళు మనం ఎరుగనివి కావు. వాటి పక్క షెడ్డులో ఎండకు కాగుతూ, వానకు తడుస్తూ ఒక కుటుంబం ఉంటుంది.

అలాంటివారికి, అలాంటి ఏర్పాటు తలపెట్టినవారికి ఈ నాలుగు మాటలు:

మొదటిది, తాత్కాలిక ఇంటి ఖర్చును కూడా మొదటే లెక్కలో చేర్చండి. షెడ్డుకు, మరుగుదొడ్డికి, స్నానాల గదికి డబ్బు ప్రత్యేకించండి. పాత ఇల్లు పడగొట్టకముందే మరుగుదొడ్డి సిద్ధం కావాలి. ఇంటిలో ఆడబిడ్డలుంటే ఇది మరీ ముఖ్యం.

రెండవది, వంటపొయ్యి తాటాకు గోడకు దూరంగా ఉండాలి. కరెంటు తీగలు రేకులకు తగలకుండా తెలిసినవారితో వేయించండి. సామాను గుట్టలుగా ఉన్నచోట పాములు, తేళ్ళు చేరుతాయి కనుక బిడ్డలను నేల మీద పడుకోబెట్టకండి. తుపాను హెచ్చరిక వస్తే రేకుల షెడ్డును నమ్మకండి. బడికో, గట్టి కట్టడానికో ముందుగానే వెళ్ళండి.

మూడవది, ఇల్లంతా ఒకేసారి పూర్తిచేయాలని పట్టు పట్టకండి. ఒక గది, వంటిల్లు, మరుగుదొడ్డి నివాసయోగ్యం చేసుకొని అందులోకి మారండి. వైల్డర్ దంపతులు కూడా గది తరువాత గదిగానే కట్టుకున్నారు. పైఅంతస్తు, ముందు వరండా చలువరాళ్ళు తరువాత చూసుకోవచ్చు. ఇరుగుపొరుగు ముందు గొప్ప కోసం వేసిన రెండవ స్లాబు వలన మొదటి స్లాబు కింద తలుపులు కూడా లేని ఇళ్ళు ఎన్నో!

నాలుగవది, బిడ్డలను, పెద్దలను చూసుకోండి. కొత్త ఇంట్లోకి వెళ్ళాక చదువుకుందువులే, పుట్టినరోజు చేద్దాంలే, అమ్మమ్మను తీసుకువద్దాంలే అని వాయిదాలు వేయకండి. షెడ్డులో కూడా బిడ్డకు ఒక దీపం, పుస్తకాలకు ఒక పెట్టె ఏర్పాటు చేయవచ్చు. ముసలి తల్లికి గాలి తగిలేచోట ఒక మంచం వేయవచ్చు. ఆమె కొత్త ఇంటి గడప తొక్కుతుందో లేదో మనకు తెలియదు. ఆమెకు మిగిలిన దినాలు ఈ షెడ్డులోనివే కావచ్చు. ఆ దినాలలో వేడి అన్నం, మెత్తని మాట ఆమెకు దక్కాలి.

సంఘంలోనివారు, ఇరుగుపొరుగువారు చేయగలిగినదీ ఉంది. ఇల్లు కట్టుకుంటున్న కుటుంబాన్ని చూసి "ఎంతవరకు వచ్చింది?" అని అడగడం మన అలవాటు. పని ఆగిపోయినవారికి ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంటుంది. దానికి బదులు పరీక్షల రోజులలో వారి బిడ్డను మన వసారాలో చదువుకోమనవచ్చు. వానరాత్రి ముసలివారికి మన ఇంట పక్క వేయవచ్చు. స్లాబు వేసేనాడు ఇంటికొక మనిషి చొప్పున చేయి వేయవచ్చు. గృహప్రవేశంనాటి కానుకకన్న ఇవి ఎక్కువ ఉపయోగపడతాయి.

ఈ నెలలో మీ వీధిలో పని ఆగిన ఇల్లు ఒకటి కనిపిస్తే, గోడలను కాదు, పక్కనున్న షెడ్డును చూడండి. అందులో ఈ రాత్రి ఎవరు పడుకుంటున్నారో కనుక్కొని, వారికి ఏది అవసరమో అడగండి.